సున్నా మీద గీత పడితే

పీసీ డబ్బాలో మ్యాక్‌ఓఎస్ నడిపే ఎడిటింగ్ గదుల్లో బూట్ ఎక్కడ ఆగుతుంది? యూఎస్‌బీ ఎందుకు మాయమవుతుంది?

మాఘం వచ్చేసరికి గుంటూరు మిర్చియార్డు దారుల్లో టిక్కీల లారీలు బారులు తీరి ఉంటాయి. పత్తితీతలు అప్పటికి ఆఖరికొస్తాయి. నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి చుట్టుపక్కల ఊళ్లలో పంట డబ్బు చేతికందిన ఇళ్లవాళ్లు ముహూర్తాలు పెట్టించుకుంటారు. ఆ పెళ్లిళ్లన్నీ, పందిరి విప్పేలోపే, మెమొరీ కార్డులకెక్కి టౌన్లో ఏదో ఒక ఎడిటింగ్ గదికి చేరతాయి. రెండు మూడు కెమెరాలు, పైన ఒక డ్రోను. ఒక్క పెళ్లికే వందల జీబీలు. పదహారు రోజుల పండగలోపు వీడియో చూడాలని పెద్దవాళ్ల ఆరాటం, అమెరికా విమానం ఎక్కేలోపు కావాలని పెళ్లికొడుకు తొందర.

ఆ గదుల్లో కొన్నిట్లో టేబులు కింద మామూలు పీసీ క్యాబినెట్టే ఉంటుంది. లోపల ఇంటెల్ ప్రాసెసరు, గిగాబైట్ బోర్డో ఏసస్ బోర్డో, ఒక రేడియాన్ గ్రాఫిక్స్ కార్డు. విడిభాగాలు గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేట దుకాణాల్లోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో కొన్నవి. తెర మీద మాత్రం యాపిల్ గుర్తు. యాపిల్ తయారుచేయని పీసీలో యాపిల్ వారి మ్యాక్‌ఓఎస్‌ను నడిపించే ఈ ఏర్పాటు పేరు హ్యాకింటోష్.

నడిచినంతకాలం చక్కటి యంత్రం. ముహూర్తాల నడిమధ్య ఒక ఉదయం స్విచ్ వేస్తే యాపిల్ గుర్తు వచ్చి, కింద గీత సగం నిండి, ఆ తర్వాత సున్నా మీద అడ్డంగా గీత కొట్టిన బొమ్మ పడి ఆగిపోతుంది. అప్పుడు చాలామంది చేసేవి రెండే పనులు. సిస్టం అంతా తుడిచి మళ్లీ మొదట్నుంచి ఎక్కించడం, లేదా ఎవరో ఇచ్చిన ఈఎఫ్ఐ ఫోల్డరు, అంటే బూట్ ఫైళ్లుండే ఫోల్డరు, తెచ్చి పెట్టేయడం. రెండూ తప్పుదారులే. హ్యాకింటోష్ ఊరికే ఆగదు. ఏ మెట్టు మీద ఆగిందో చూస్తే కారణం చాలావరకు అక్కడే బయటపడుతుంది. ఎక్కడ ఆగిందో చూడకుండా మార్పులు చేసుకుంటూ పోతే, మొదట ఉన్న ఒక్క తప్పుకు మరో నాలుగు తోడవుతాయి.

ఎందుకింత అవస్థ?

అసలు కారణం ఒక సాఫ్ట్‌వేరు. ఫైనల్ కట్ ప్రో విండోస్‌లో నడవదు, మ్యాక్‌ఓఎస్ కావాలి. 2011 జూన్‌లో యాపిల్ దాన్ని పూర్తిగా తిరగరాసి 299.99 డాలర్లకు విడుదల చేసింది. ఒక్కసారి కడితే చాలు, నెలనెలా చందా కట్టక్కర్లేదు. పెళ్లి వీడియోల పనికి దాని వేగం బాగా కుదిరింది. నడిపే యంత్రం దగ్గరే చిక్కొచ్చింది. 2013లో స్తూపం ఆకారంలో వచ్చిన మ్యాక్ ప్రోలో బజార్లో దొరికే గ్రాఫిక్స్ కార్డు పెట్టుకునే వీల్లేదు. దాని తర్వాతి మ్యాక్ ప్రో 2019 డిసెంబరుకు గానీ రాలేదు, అదీ 5,999 డాలర్ల నుంచి మొదలు. ఆ ఆరేళ్ల ఖాళీలో, చేతిలో ఉన్న డబ్బుతో వేగమైన యంత్రం కావాల్సిన వాళ్లు తామే కట్టుకోవడం నేర్చారు.

ఆ దారి తెరిచింది యాపిలే. 2005 జూన్ 6న స్టీవ్ జాబ్స్ పవర్‌పీసీ ప్రాసెసర్లను వదిలి ఇంటెల్‌కు మారుతున్నామని ప్రకటించారు. 2006 జనవరిలో మొదటి ఇంటెల్ ఐమ్యాక్ వచ్చింది, ఆగస్టుకల్లా మార్పు పూర్తయింది. దాంతో మ్యాక్ లోపలి సరుకుకూ పీసీ లోపలి సరుకుకూ తేడా చాలావరకు చెరిగిపోయింది. మిగిలిన తేడాను కాపాడుకోవడానికి యాపిల్ 'డోంట్ స్టీల్ మ్యాక్ ఓఎస్ ఎక్స్' అనే పేరుతోనే ఒక కెక్స్ట్‌ను సిస్టంలో పెట్టింది. కెక్స్ట్ అంటే కెర్నల్‌కు తగిలించే ముక్క, మన డ్రైవరు లాంటిది. నిజమైన మ్యాక్‌లో ఉండే ఎస్ఎంసీ చిప్పు నుంచి తాళంచెవి అందితే తప్ప ఫైండర్ వంటి ముఖ్యమైన ప్రోగ్రాములు విప్పుకోవు. హ్యాకింటోష్‌లో ఆ చిప్పు వేషం వేసేది ఒకప్పుడు ఫేక్‌ఎస్ఎంసీ, ఇప్పుడు వర్చువల్‌ఎస్ఎంసీ.

దీన్ని వ్యాపారం చేయబోయిన కంపెనీ కథ కోర్టులో ముగిసింది. ఫ్లోరిడాకు చెందిన సైస్టార్ 2008 ఏప్రిల్‌లో మ్యాక్ ఓఎస్ ఎక్కించిన పీసీలు అమ్మకానికి పెట్టింది. జులైలో యాపిల్ దావా వేసింది. 2009 నవంబరులో న్యాయమూర్తి విలియం ఆల్సప్ యాపిల్ పక్షాన తీర్పిచ్చారు, డిసెంబరులో అమ్మకాలపై శాశ్వత నిషేధం పడింది. 2011లో పై కోర్టూ దాన్నే సమర్థించింది. యాపిల్ లైసెన్సు ఒప్పందం ఇప్పటికీ మ్యాక్‌ఓఎస్‌ను యాపిల్ బ్రాండు కంప్యూటర్లలోనే వాడమంటుంది. నేర్చుకోవడానికి తన యంత్రంలో తాను కట్టుకున్నవాడి శ్రమను నేను గౌరవిస్తాను. కానీ 'మ్యాక్ సిస్టం' అని చెప్పి, లోపల ఏముందో చెప్పకుండా, ఇంకొకరికి అమ్మడం ఆ కొన్న కుర్రాణ్ని మోసం చేయడమే. అతనికి రేపు బూట్ ఆగిపోతే ఏ సర్వీస్ సెంటరూ తలుపు తీయదు.

ఎక్కడ ఆగింది తమ్ముడూ?

ఇలాంటి ఫోన్లు దాదాపు ఒకే తీరులో నడుస్తాయి.

"అన్నా, సిస్టం ఎక్కట్లా. యాపిల్ బొమ్మ వచ్చి ఆగిపోతంది."

"బొమ్మ కింద గీత ఎంతవరకు నిండింది?"

"చూళ్ళేదన్నా."

"ముందు అది చూడు తమ్ముడూ. మైనస్ వీ పెట్టి మళ్లీ ఎక్కించు. ఆఖరి వరసలు ఫొటో తీసి పంపు."

ఆ మైనస్ వీ బూట్ ఆర్గ్యుమెంట్ యాపిల్ బొమ్మను పక్కకు తప్పించి, లోపల జరుగుతున్నదంతా అక్షరాల్లో చూపిస్తుంది. దానికి తోడు 'డీబగ్=0ఎక్స్100' పెడితే కెర్నల్ కుప్పకూలినప్పుడు యంత్రం వెంటనే రీస్టార్ట్ కాకుండా ఆ తెరను అలాగే నిలుపుతుంది. ఓపెన్‌కోర్ డీబగ్ వెర్షన్ వాడి, టార్గెట్ విలువ 67 పెట్టుకుంటే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో లాగ్ ఫైలు కూడా రాసిపెడుతుంది. బాగు చేయడం ఇక్కడ మొదలవ్వాలి.

ఓపెన్‌కోర్ అంటే బూట్‌లోడరు. మొదట్లో కమేలియన్, తర్వాత క్లోవర్ రాజ్యమేలాయి. 2019 నుంచి ఓపెన్‌కోర్ వాటి చోటు తీసుకుంది. బోర్డులోని బయోస్‌కూ మ్యాక్‌ఓఎస్‌కూ మధ్య నిలబడి, ఇది నిజమైన మ్యాకే అని మ్యాక్‌ఓఎస్‌ను నమ్మించడం దాని పని. దాని నడవడి మొత్తం 'కాన్ఫిగ్ డాట్ ప్లిస్ట్' అనే ఒక్క ఫైలులో ఉంటుంది. ఓపెన్‌కోర్‌ను కొత్త వెర్షనుకు మార్చి ఆ ఫైలును పాతదే ఉంచేస్తే కొత్త గడులు లేక గొడవ పెడుతుంది. అందుకే ఓపెన్‌కోర్‌తో పాటే వచ్చే 'ఓసీవాలిడేట్' అనే చిన్న పరికరంతో ఫైలును సరిచూసుకోవాలి. నిమిషం పట్టని పని. అది చేయనివాళ్లే ఎక్కువ.

అసలు బూట్‌లోడరు తెరే రాకుండా నేరుగా బయోస్‌లోకి వెళ్లిపోతుంటే మ్యాక్‌ఓఎస్‌ను అనుమానించడం అనవసరం. పెన్‌డ్రైవులోని ఈఎఫ్ఐ పార్టిషన్ ఫ్యాట్32లో ఉందా, డిస్కు జీయూఐడీ పద్ధతిలో ఉందా, బయోస్‌లో సీఎస్ఎం ఆఫ్‌లో ఉందా, సెక్యూర్ బూట్ తీసేశారా అన్నవే చూడాలి. బూట్‌లోడరు తెర వచ్చి అందులో మ్యాక్ డిస్కు కనబడకపోతే ఫైల్ సిస్టం డ్రైవరు లోపం. ఇన్‌స్టాలరు కనబడటానికి హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డ్రైవరు కావాలి. హై సియెరా, మొజావే వంటి పాత మ్యాక్‌ఓఎస్ వెర్షన్లకు ఏపీఎఫ్ఎస్ కనీస వెర్షను, కనీస తేదీ గడుల్లో మైనస్ 1 పెట్టాలి, లేకపోతే ఓపెన్‌కోర్ భద్రత కోసం పాత ఏపీఎఫ్ఎస్‌ను పట్టించుకోదు.

చాలామందిని ఏడిపించే వరస మరొకటుంది. తెర మీద చివర 'ఎగ్జిట్‌బీఎస్ స్టార్ట్' అని పడి స్తంభించిపోతుంది. బయోస్ తన పని ముగించి కెర్నల్‌కు పగ్గాలు అప్పగించే క్షణమది. ఇక్కడ ఆగితే రెండు అనుమానాలు. ఒకటి, మెమొరీ మ్యాపుకు సంబంధించి ఓపెన్‌కోర్‌లో ఉండే సర్దుబాట్లు, అంటే క్విర్క్‌లు ఆ బోర్డుకు సరిపడలేదు. రెండోది సీఎఫ్‌జీ లాక్. ప్రాసెసరు విద్యుత్తు నియంత్రణకు సంబంధించిన ఒక రిజిస్టరును బయోస్ తాళం వేసి ఉంచుతుంది, మ్యాక్‌ఓఎస్ అందులో రాయబోయి పడిపోతుంది. బయోస్‌లో ఆ తాళం తీసే గడి ఉంటే తీయాలి, లేకపోతే ఓపెన్‌కోర్‌లో ఆ రాతనే తప్పించే ప్యాచ్ పెట్టాలి. 'పీసీఐ కాన్ఫిగరేషన్ బిగిన్' దగ్గర ఆగితే బయోస్‌లో ఎబవ్ 4జీ డీకోడింగ్ ఆన్ చేసి చూడాలి. వరసలన్నీ సాఫీగా పోయి చివర్లో తెర నల్లబడితే అది గ్రాఫిక్స్ వ్యవహారం: వాటెవర్‌గ్రీన్ కెక్స్ట్, ఆర్‌ఎక్స్ 5700 తరం కార్డులకైతే దాంతోపాటు 'ఏజీడీపీమోడ్=పికెరా'. ఎన్‌విడియా జీటీఎక్స్ 10 సిరీస్ కార్డు పెట్టుకుని మొజావేకు అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు ఏ ప్యాచూ దిక్కు కాలేదు. ఆ కార్డులకు డ్రైవర్లు హై సియెరాతోనే ఆగిపోయాయి.

వీటి తర్వాత వచ్చేదే గీత కొట్టిన సున్నా. మైనస్ వీతో చూస్తే 'స్టిల్ వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్' అన్న వరస మళ్లీ మళ్లీ పడుతుంటుంది. కెర్నల్ బాగానే లేచింది. తాను ఏ డిస్కు నుంచి మిగతా సిస్టంను తెచ్చుకోవాలో ఆ డిస్కు కనబడటం లేదు.

పదిహేను పోర్టుల లెక్క

'ఇన్‌స్టాలరు పెన్‌డ్రైవు నుంచే కదా ఇంతదాకా వచ్చింది, ఇప్పుడెందుకు కనబడదు?' అన్నది న్యాయమైన ప్రశ్న. ఇంతదాకా ఆ పెన్‌డ్రైవును చదివింది బయోస్‌లోని యూఎస్‌బీ డ్రైవరు. కెర్నల్ లేచాక చదవాల్సింది మ్యాక్‌ఓఎస్ సొంత డ్రైవరు. సాగర్ కుడి కాలువ కింద నీళ్ల వంతు మారినట్టే ఇదీ. పైరైతు వంతు అయిపోగానే తూము వదలాలి, కింది రైతు వచ్చి తన తూము తెరుచుకోవాలి. పైవాడు వదలకపోయినా, కిందివాడికి తన తూము ఏదో తెలియకపోయినా నీళ్లు రావు.

పైవాడు వదలకపోతే బయోస్‌లో ఎక్స్‌హెచ్‌సీఐ హ్యాండ్‌ఆఫ్ ఆన్ చేయాలి. ఆ గడి లేని బోర్డుల్లోనూ, ఉన్నా సరిగా పనిచేయని బోర్డుల్లోనూ ఓపెన్‌కోర్‌లోని 'రిలీజ్ యూఎస్‌బీ ఓనర్‌షిప్' క్విర్క్ ఆ పని చేస్తుంది. ఇది తేలిక. రెండోదే అసలు చిక్కు.

2015లో వచ్చిన ఎల్ క్యాపిటన్ నుంచి మ్యాక్‌ఓఎస్ ఒక్కో యూఎస్‌బీ కంట్రోలరు మీద 15 పోర్టులకు మించి పట్టించుకోదు. పోర్టు సంఖ్య రాసుకోవడానికి అది ఇచ్చిన చోటు నాలుగు బిట్లు, నాలుగు బిట్లలో 15 దాటి లెక్క పట్టదు. నిజమైన మ్యాక్‌లలో ఒక కంట్రోలరుకు అన్ని పోర్టులు ఉండవు కాబట్టి వాటికిది సమస్య కాదు. మన పీసీ బోర్డుల సంగతి వేరు. ఇంటెల్ జడ్390 చిప్‌సెట్‌నే తీసుకుంటే, దాని కంట్రోలరులో యూఎస్‌బీ 2 వేగానికి హెచ్ఎస్ పేరుతో 14, యూఎస్‌బీ 3 వేగానికి ఎస్ఎస్ పేరుతో 10, యూఎస్ఆర్ పేరుతో మరో 2. మొత్తం 26.

పైగా డబ్బా మీద కనబడే నీలం రంగు యూఎస్‌బీ 3 రంధ్రం ఒకటి కాదు, రెండు. పాత పరికరం పెడితే హెచ్ఎస్ తీగల మీద, కొత్త పరికరం పెడితే ఎస్ఎస్ తీగల మీద నడుస్తుంది, లెక్కలో రెండు గడులు తీసుకుంటుంది. స్విచ్ లేని టైప్-సీ అయితే ఎటు తిప్పి పెట్టినా పనిచేయాలి కాబట్టి మూడు. కొన్ని బోర్డుల్లో వెనక ఆరు నీలం రంధ్రాలు, ముందు రెండు ఉంటాయి. అవే 16 అయ్యాయి. బ్లూటూత్ కార్డు లోపల ఒక గడి తినేస్తుంది. ముందున్న టైప్-సీకి చోటే లేదు.

ఏమీ చేయకుండా వదిలేస్తే మ్యాక్‌ఓఎస్ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి 15 దగ్గర ఆపేస్తుంది. జడ్390 వంటి బోర్డుల్లో హెచ్ఎస్ పోర్టులు ముందు వరసలో ఉంటాయి కాబట్టి అవన్నీ బతుకుతాయి, ఎస్ఎస్ పోర్టులన్నీ పోతాయి. నీలం రంధ్రంలో పెట్టిన ఇన్‌స్టాలరు పెన్‌డ్రైవు బయోస్‌కు కనబడి కెర్నల్‌కు కనబడకపోవడం అందుకే. దాన్ని తీసి నల్లరంగు యూఎస్‌బీ 2 రంధ్రంలో పెడితే బూట్ అయిపోవడమూ అందుకే. చాలామంది అక్కడితో 'సెట్ అయింది' అని వదిలేస్తారు. అవ్వలేదు. అసలు నొప్పి కార్డులు ఎక్కించేటప్పుడు తెలుస్తుంది. కొన్ని పరికరాలు అసలు కనబడవు, కొన్ని యూఎస్‌బీ 2 వేగానికి పడిపోతాయి. ఆ వేగం కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, చేతికి వచ్చేది 35, 40 మెగాబైట్లు. 64 జీబీ కార్డు కాపీ కావడానికి సుమారు అరగంట. సెకనుకు 90 మెగాబైట్లు ఇవ్వగల కార్డు అదే పనిని సరైన పోర్టులో పన్నెండు నిమిషాల్లో ముగిస్తుంది. ఒక్కో పెళ్లికి కార్డులెన్నో గుణించుకుంటే ఎడిటర్ నిద్ర ఎక్కడికి పోతోందో తెలుస్తుంది.

దీనికి శాశ్వత మందు యూఎస్‌బీ మ్యాపింగ్. మనకు కావలసిన 15 గడులేవో మనమే ఎంచి, మిగతావి మూసేయడం. విండోస్‌లో యూఎస్‌బీటూల్‌బాక్స్ తెరిచి, ఒక యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవును, ఒక యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవును ప్రతి రంధ్రంలోనూ పెట్టి తీస్తూ, ఏ రంధ్రానికి ఏ పేరు వెలుగుతుందో కాగితం మీద రాసుకోవాలి. కాగితం మీద అని ఊరికే అనడం లేదు. డబ్బా వెనక భాగం బొమ్మ గీసి, ఒక్కో రంధ్రం పక్కన హెచ్ఎస్03, ఎస్ఎస్03 అని రాసుకున్నవాడికి మూడేళ్ల తర్వాత కూడా ఆ కాగితం పనికొస్తుంది. తర్వాత ఏవి ఉంచాలో నిర్ణయించాలి. కార్డ్ రీడరు పెట్టే రెండు నీలం రంధ్రాలకు రెండు గడులూ ఉంచాలి. కీబోర్డు, మౌసు, డాంగిళ్లు పెట్టేచోట హెచ్ఎస్ ఒక్కటే చాలు, ఎస్ఎస్ కోసేయొచ్చు. ఇలా కోస్తేనే 15లో కుదురుతుంది.

ఒక్కో పోర్టుకు దాని రకం కూడా చెప్పాలి. యూఎస్‌బీ 2 రంధ్రానికి 0, యూఎస్‌బీ 3కి 3, స్విచ్ ఉన్న టైప్-సీకి 9, లేనిదానికి 10, బోర్డు లోపలే ఉండే బ్లూటూత్ వంటివాటికి 255. ఈ చివరిది తప్పు రాస్తే యంత్రం నిద్రపోదు, లేదా నిద్రపోయిన మరుక్షణం లేచి కూర్చుంటుంది. స్లీప్ పనిచేయడం లేదని నెలల తరబడి గ్రాఫిక్స్ సెట్టింగులతో కుస్తీ పట్టేవాళ్లు ఒకసారి ఈ గడి చూసుకోవాలి.

పరిమితినే ఎత్తేసే ఒక ప్యాచ్ ఓపెన్‌కోర్‌లో ఉంది. దానిమీద ఆధారపడ్డవాళ్లను 2021 ఏప్రిల్‌లో వచ్చిన బిగ్ సర్ 11.3 నడివీధిలో నిలబెట్టింది. అప్పటినుంచి ఆ ప్యాచ్‌ను నమ్ముకోలేం. నిన్నటిదాకా బాగున్న యంత్రం అప్‌డేట్ తర్వాత కీబోర్డు, మౌసు కూడా గుర్తుపట్టకపోతే మొదట అనుమానించాల్సింది ఇదే. ఎవరిదో ఈఎఫ్ఐ ఫోల్డరు తెచ్చి పెట్టుకోవద్దని అనడానికి కూడా ఇదే పెద్ద కారణం: ఆ ఫోల్డరులో ఉన్నది వాళ్ల బోర్డు పోర్టుల పటం, మీది కాదు. ఒకే మోడలు బోర్డయినా వాళ్లు కోసేసిన రంధ్రంలోనే మీ కార్డ్ రీడరు ఉండొచ్చు.

నేల, దుమ్ము, మూడు వోల్టుల బిళ్ల

ఇక్కడిదాకా చెప్పినవన్నీ ప్రపంచంలో ఏ ఊళ్లోనైనా ఒకటే. మన జిల్లాల్లో మాత్రం కాన్ఫిగ్ ఫైలు తెరవకముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నా దృష్టిలో సగం 'హ్యాకింటోష్ సమస్యలు' హ్యాకింటోష్‌వి కావు.

మొదటిది ఎర్తింగ్. క్యాబినెట్ అంచు తాకితే వేళ్లు జివ్వుమంటున్నాయని చాలా గదుల్లో వింటాం. ఎస్ఎంపీఎస్‌లో కరెంటు శుద్ధికోసం పెట్టిన చిన్న కెపాసిటర్లు ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి డబ్బాకు కలిసి ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే ఆ కాస్త లీకేజీ నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే డబ్బా మొత్తం మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు అతి తక్కువ కాబట్టి ప్రాణాపాయం సాధారణంగా ఉండదు. కానీ అలా తేలుతున్న డబ్బాకు మరో పరికరం కేబులు తగిలించిన క్షణంలో ఆ తేడా మొత్తం కనెక్టరు గుండానే సర్దుకుంటుంది. యూఎస్‌బీ పోర్టులు చావడానికీ, ఆడియో ఇంటర్‌ఫేసులో హమ్ రావడానికీ, ఎక్స్‌టర్నల్ డిస్కులు మధ్యలో ఊడిపోవడానికీ ఇది చాలు. నల్లరేగడిలో ఈ సమస్యకు ఒక కాలం ఉంది. వానాకాలం తడిగా ఉన్నప్పుడు ఆ నేల మంచి వాహకమే. ఎండలు ముదిరి నేల నెర్రెలు బారితే మట్టి ఎర్త్ కడ్డీని వదిలేస్తుంది. జనవరిలో బాగున్న గది ఏప్రిల్‌లో షాకు కొట్టేది అందుకే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి, కొద్ది వోల్టులు దాటకూడదు. గొయ్యిలో ఉప్పు, బొగ్గు వేయించి వేసవంతా నీళ్లు పోయించండి.

రెండోది బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ. మూడు వోల్టులది. రోజూ రాత్రి మెయిన్ స్విచ్ ఆపేసే గదుల్లో గడియారం నడిపే భారమంతా దానిమీదే పడుతుంది, త్వరగా అరిగిపోతుంది. అది చచ్చిన ఉదయం బయోస్ తన ఫ్యాక్టరీ సెట్టింగులకు తిరిగిపోతుంది. సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్, సీఎఫ్‌జీ లాక్ మళ్లీ ఆన్, హ్యాండ్‌ఆఫ్ మళ్లీ ఆఫ్. విండోస్ మాత్రం మామూలుగా ఎక్కుతుంది. అందుకని బోర్డు మంచిదే, మ్యాక్ పాడైందనుకుంటారు. తేదీ ఏళ్ల వెనక్కి పోవడం దీని గుర్తు. తేదీ తప్పితే సర్టిఫికెట్లు చెల్లక ఇన్‌స్టాలరు కూడా తాను చెడిపోయానంటుంది. చిన్న బిళ్ల మార్చి, సెట్టింగులు పెట్టి, వాటిని బయోస్ ప్రొఫైలుగా దాచుకుంటే చాలు. ఒక్కో పేజీ ఫోన్లో ఫొటో తీసుకోవడం ఇంకా మంచిది. బ్యాటరీ కొత్తదైనా ప్రతి రీస్టార్ట్‌కూ సెట్టింగులు పోతుంటే అప్పుడు మ్యాక్‌ఓఎస్ గడియారపు మెమొరీలో రాస్తున్న రాతను అనుమానించాలి, ఓపెన్‌కోర్‌లో 'డిజేబుల్ ఆర్‌టీసీ చెక్‌సమ్' దానికే ఉంది.

మూడోది దుమ్ము. జిన్నింగు మిల్లుల చుట్టుపక్కల గాలిలో తేలే పత్తి నూగు హీట్‌సింకు రేకుల మధ్య చాపలా పేరుకుంటుంది. ఫ్యాన్ తిరుగుతున్నా గాలి దూరదు, ఎక్స్‌పోర్టు మధ్యలో వేగం పడిపోతుంది. యూఎస్‌బీ 3 రంధ్రంలో నాలుగు పాత స్పర్శలకు తోడు లోపలివైపు మరో ఐదు ఉంటాయి. వాటిమీద మట్టి చేరినా, చీరాల, బాపట్ల వైపు ఉప్పుగాలికి చిలుము పట్టినా ఆ ఐదూ కలవవు, పరికరం నిశ్శబ్దంగా పాత వేగానికి దిగిపోతుంది. మ్యాపింగ్ సరిగ్గా ఉన్నా ముందు రంధ్రం ఒక్కటే నెమ్మదిగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రం చేసి చూడాలి. అయినా కాకపోతే బోర్డు మీది 19 పిన్నుల హెడర్‌లో వంగిన పిన్ను వెతకాలి.

యాపిల్ సొంత తప్పులు కూడా ఉంటాయని మరవకూడదు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరపు ఒక కూర్పు ఐఫోన్లలోనూ మ్యాక్‌లలోనూ దాన్ని చూపించబోయిన యాప్‌ను కుప్పకూల్చింది. ఆ నెల 19న యాపిల్ దిద్దుబాటు విడుదల చేసింది. ఆ వారంలో తెలుగు మెసేజి వచ్చి యాప్ పడిపోయిన హ్యాకింటోష్ యజమాని తన కెక్స్ట్‌లను ఎంత తిరగేసినా ఫలితం ఉండేది కాదు.

ఇక ఎంతకాలం?

2020 జూన్ 22న యాపిల్ ఇంటెల్‌ను కూడా వదిలేస్తున్నట్టు ప్రకటించింది. ఆ నవంబరులో ఎం1 చిప్పు వచ్చింది. 2025 జూన్‌లో మాట తేల్చేసింది: ఆ సెప్టెంబరులో విడుదలైన మ్యాక్‌ఓఎస్ టాహో 26 ఇంటెల్ మ్యాక్‌లకు ఆఖరి వెర్షను. తర్వాతి వెర్షన్లలో ఇంటెల్ ప్రాసెసరుకు అర్థమయ్యే కోడే లేకపోతే ఓపెన్‌కోర్ ఎంత మాయ చేసినా ప్రయోజనం లేదు.

ధర వాదన కూడా తిరగబడింది. 2024 చివర్లో వచ్చిన ఎం4 మ్యాక్ మినీ మన దేశంలో 59,900 రూపాయల నుంచి మొదలైంది, 16 జీబీ మెమొరీతో. గ్రాఫిక్స్ కార్డు, బోర్డు, ప్రాసెసరు, మంచి ఎస్ఎంపీఎస్ కొని కట్టుకునే హ్యాకింటోష్ దానికంటే చవక పడదు. అందుకే ఎవరైనా ఈరోజు కొత్తగా పని కోసం హ్యాకింటోష్ కట్టమంటే వద్దనే చెబుతాను. నేర్చుకోవడానికి కట్టుకునే ఇంజినీరింగ్ కుర్రాళ్లకు మాత్రం వద్దని చెప్పను. యూఈఎఫ్ఐ ఎలా లేస్తుంది, ఏసీపీఐ పట్టికలేమిటి, యూఎస్‌బీ కంట్రోలరు తన పోర్టులను ఎలా లెక్కపెడుతుంది అన్నవి ఇంత దగ్గరగా చూపించే యంత్రం మరొకటి అరుదు.

ఇప్పటికే నడుస్తున్న యంత్రమున్నవాళ్లు చేయాల్సింది తక్కువే. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేయాలి. పనిచేస్తున్న ఈఎఫ్ఐ ఫోల్డరును ఒక చిన్న పెన్‌డ్రైవులో పెట్టి, దాంతో నిజంగా బూట్ అవుతుందో లేదో ఒకసారి చూసి దాచుకోవాలి. కార్డు రీడరు పెట్టే పోర్టులు మ్యాపులో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

పెళ్లిళ్లు లేని ఆషాఢంలో పాత పని మీద కూర్చోవాలి. ఫైనల్ కట్ లైబ్రరీల్లో కొన్నిట్లో ఫుటేజీ లోపలే కాపీ అయి ఉంటుంది, కొన్నిట్లో బయటి డిస్కుకు లింకు మాత్రమే ఉంటుంది. ఆ డిస్కు పోతే మిగిలేది ఎర్ర తెర. కన్సాలిడేట్ చేసి అంతా ఒకచోటికి తేవాలి. పూర్తయిన ప్రతి పెళ్లికీ ప్రోరెస్‌లో ఒక మాస్టర్ ఫైలు తీయాలి. ఎఫ్‌సీపీఎక్స్‌ఎంఎల్ రూపంలో టైమ్‌లైన్‌ను కూడా బయటికి తీసి ఉంచుకుంటే రేపు డావించీ రిజాల్వ్‌లోనైనా తెరుచుకోవచ్చు, ఎఫెక్టులు కొన్ని పోయినా కోతలు నిలుస్తాయి. ఏపీఎఫ్ఎస్‌లో ఉన్న డిస్కులను విండోస్ నేరుగా చదవదు కాబట్టి మాస్టర్ ఫైళ్లను ఎక్స్‌ఫ్యాట్ డిస్కు మీదికి మరో కాపీ తీయాలి. కొత్త మ్యాక్ వచ్చాక కూడా పాత యంత్రాన్ని వెంటనే విడదీసి అమ్మొద్దు. దాని నెట్ కేబులు తీసేసి పక్కన ఉంచాలి. తాత పోయాక ఆయన అక్షింతలు వేసిన ఆ నాలుగు క్షణాలు కావాలని ఐదేళ్ల తర్వాత వచ్చి అడిగే కుటుంబాలు ఉంటాయి, ఆ ప్రాజెక్టు మొదట ఏ వెర్షనులో చేశారో అదే వెర్షనులో తెరవడానికి ఆ పాత డబ్బా ఒక్కటే ఉండొచ్చు.